చెవులున్న పూలపొద

ప్రశ్న: మాది నెల్లిమర్ల మండలం. రామతీర్థం కొండల దిగువన గులకరాళ్ల ఎర్ర నేలలో నడుమెత్తు దాటిన పొదలు వానలు వెనకపట్టాక పసుపుపచ్చని పూలతో నిండిపోతున్నాయి. మా ఇంటి పెద్దలు తంగేడు అంటారు, పక్కింటివారు కసివింద అంటున్నారు. కాయ చిక్కుడును పోలి ఉంది గాని పువ్వు చిక్కుడు పువ్వులా లేదు. ఒక రెమ్మ పంపుతున్నాను, వివరించగలరు.
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మీ పెద్దల మాటే సరి, అది తంగేడు. కవరులో నలిగి వచ్చినా ఆ రెమ్మ తన గుర్తును పోగొట్టుకోలేదు. ప్రతి ఆకుకాడ మొదట్లో, కొమ్మను ఆనుకొని, చెవి తమ్మెల్లాంటి గుండ్రని ఆకుపచ్చ రేకులు రెండు ఉన్నాయి, గమనించండి. వీటిని పత్రపుచ్ఛాలంటారు. చాలా మొక్కలలో ఇవి సన్నగా ఉండి త్వరగా రాలిపోతాయి గాని, తంగేడులో వెడల్పుగా ఎదిగి ఆకుతోపాటు నిలిచి ఉంటాయి. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన కాసియా ఆరిక్యులేటా అనే పేరులో రెండో మాటకు అర్థం చెవులు గలది అనే. నేడు చెల్లుతున్న సెన్నా ఆరిక్యులేటా అనే పేరు మరో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ పెట్టినది. ఆయన సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను ఏళ్ల తరబడి పరిశీలించినవాడు కనుక, ఈ పేరులో మన తీరానికీ కొంత పాలు ఉంది.

కసివిందకు ఈ చెవులు లేవు. దాని ఆకులో మొనదేలిన పత్రకాలు, అంటే ఆకుకాడకు ఇరువైపులా ఉండే చిట్టి ఆకులు, నాలుగైదు జతలే ఉంటాయి, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. తంగేడు ఆకులో మొద్దుకొసల పత్రకాలు ఎనిమిది నుంచి పన్నెండు జతలుంటాయి, జతజతకూ నడుమ కాడ మీద చిన్న గ్రంథి నిక్కి కనిపిస్తుంది.

ఇక పువ్వు. చిక్కుడు కుటుంబపు మొక్కలన్నీ సీతాకోకచిలుక ఆకారంలోనే పూయాలన్న నియమం లేదు. రేల, చింత వంటివాటికీ ఆ ఆకారం లేదు. తంగేడు పువ్వుకు ముడతలుపడిన అంచులతో విడివిడిగా ఐదు రేకులు, పది కేసరాలు ఉంటాయి. ఆ పదింటిలో పై మూడూ గొడ్డువి, కింది మూడు పొడవుగా వంగి ఉంటాయి. పువ్వులో తేనె లేదు, తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. అయితే పుప్పొడి ఉండే సంచులు, అంటే పరాగకోశాలు, నిలువునా పగలవు, కొసన చిన్న రంధ్రాలతో మాత్రమే తెరుచుకుంటాయి. ఉదయం పూట ఒక పొద దగ్గర నిలబడి చూడండి. నల్ల తుమ్మెద కేసరాలను పట్టుకొని రెక్కలు కదలకుండా ఒళ్లు అదిరిస్తుంది, ఎగిరేటప్పటి రొదకన్నా హెచ్చుస్థాయిలో ఝుమ్మన్న శబ్దం వినబడుతుంది, ఆ అదురుకే పుప్పొడి చిమ్ముతుంది. ఇంత ఏర్పాటు ఒక చిన్న పువ్వులో ఉందని తెలిశాక తంగేడును పిచ్చిమొక్క అనడానికి నాకు నోరు రాదు.

ఈ మొక్క భారతదేశానికీ శ్రీలంకకూ స్వంతం. దట్టమైన అడవి నీడ దీనికి పడదు. ఎండ బాగా తగిలే కొండవాలు, రైలుకట్ట, బాటపక్క, బీడు దీనికి ఇష్టమైన చోట్లు. మీ ప్రాంతపు ఖోండలైట్ రాయి చివికి ఏర్పడిన ఎర్ర నేల సారం తక్కువైనా, నీరు నిలవదు కనుక తంగేడుకు సరిపోతుంది. వేరు లోతుకు దిగడం వల్ల వేసవిని తట్టుకుంటుంది, నరికినా మోడు నుంచి చిగురిస్తుంది, పశువులు సాధారణంగా ముట్టవు. అందుకే మేతబీళ్లలో ఇతర పొదలు కరిగిపోయినా ఇది మిగులుతుంది. తోళ్లు పదును పెట్టడానికి దీని బెరడునూ, వరిమళ్లలో పచ్చిరొట్టగా దీని ఆకునూ వాడేవారు. జనుము, జీలుగల మాదిరి దీని వేళ్లపై గాలిలోని నత్రజనిని పట్టి నిలిపే బుడిపెలు ఏర్పడవు గనుక, పొలానికి మేలు కలిగేది ఆకును మడిలో తొక్కినప్పుడే.

ప్రశ్న: తంగేడును పెరటి కంచె వెంట పెంచాలనుకుంటున్నాను. గింజలు చల్లినా మొలవలేదు.
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఎండిన తంగేడు కాయ బల్లపరుపుగా, కాగితంలా పలుచగా ఉంటుంది గాని లోపలి గింజల తోలు గట్టిది, నీటిని సులభంగా లోనికి రానివ్వదు. గింజను గరుకు రాతిపై ఒక పక్క కొద్దిగా అరగదీసి, రాత్రంతా నీటిలో నానబెట్టి, ఉబ్బినవాటిని మాత్రమే వానాకాలం మొదట్లో నాటండి. తల్లివేరు తొందరగా కిందికి పోతుంది కాబట్టి, నారు పోసి మార్చడం కంటే మొక్క ఉండవలసిన చోటనే గింజ వేయడం మేలు. నీరు నిలిచే పల్లం మాత్రం వద్దు.