యూరప్ ప్రభుత్వాలు ఇప్పుడు దేనికి పెద్దపీట వేస్తున్నాయి? మా పోస్ట్ డబ్బాలోంచి నాకు తెలిసింది

"యూరప్ దేశాల ప్రభుత్వాలు ఇప్పుడు ఏ రంగానికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నాయి, చదువా, వైద్యమా, పర్యావరణమా? అక్కడే ఉంటున్నవాళ్లు చెప్తే బాగుంటుంది, మా తమ్ముడు ఎంఎస్‌కి జర్మనీ వెళ్దామనుకుంటున్నాడు" అని అడిగారు.

నేను 2007 నుంచి జర్మనీలో ఉంటున్నాను. పడమటి వైపు కొండల్లో సావర్‌లాండ్ అనే ప్రాంతం. ఇనప సామాను, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలు ఊరికి నాలుగు ఉంటాయి, అలాంటి ఒకదాంట్లో నా ఉద్యోగం. కాబట్టి నాకు బాగా తెలిసింది జర్మనీ, మిగతావి పక్కింటి సంగతుల్లాంటివి.

ఒక్క ముక్కలో చెప్పమంటే రక్షణ. కానీ మీరడిగినట్టు చదువా, వైద్యమా అని విడదీసి చూస్తే అసలు సంగతి కనపడదు, ఎందుకంటే ఇప్పుడిక్కడ ప్రతి శాఖా తన పనికి "భద్రత" అని పేరు పెట్టుకునే డబ్బు అడుగుతోంది. వంతెనకీ అదే పేరు, సోలార్‌కీ అదే, ఆఖరికి పిల్లల జ్వరం మందుకి కూడా.

ఈ ఏడాది మొదట్లో మా అబ్బాయికి 18 నిండాయి. పుట్టినరోజైన కొన్నాళ్లకి వాడి పేరున సైన్యం నుంచి ఉత్తరం వచ్చింది. (ఇక్కడ ప్రభుత్వం ఏం చెప్పాలన్నా ఉత్తరమే, పోస్ట్ డబ్బా తాళం తీయాలంటే నాకు ఇప్పటికీ టెన్షన్.) అందులో ఒక కోడ్, ఫోన్‌తో స్కాన్ చేస్తే ప్రశ్నలు: ఆరోగ్యం ఎలా ఉంది, ఏం చదివావు, సైన్యంలో చేరే ఆసక్తి ఉందా. 2008లోగానీ ఆ తర్వాతగానీ పుట్టిన మగపిల్లలు జవాబివ్వడం 2026 నుంచి తప్పనిసరి, ఆడపిల్లలు ఇష్టమైతే ఇవ్వొచ్చు. చేరడం మాత్రం ప్రస్తుతానికి స్వచ్ఛందమే, చాలినంతమంది రాకపోతే పార్లమెంటు మళ్లీ వేరే చట్టం చేయాలి. ఇదంతా విడమరిచి చెప్పినా మా ఆవిడ వినలేదు. "పాస్‌పోర్ట్ మార్చుకున్నది వీసా లైన్లు తప్పుతాయనా, పిల్లాణ్ణి యుద్ధానికి పంపడానికా?" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాడేమో అన్నం తింటూ ఎడం చేత్తో ఫోన్‌లో అంతా నింపేసి పంపించేశాడు. ఆసక్తి ఉందా అన్నచోట ఏం నొక్కావురా అంటే చెప్పడు.

2011లో నిర్బంధ సైనిక సేవని పక్కన పెట్టేసిన దేశం ఇది. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవరైనా సైన్యం ఊసెత్తితే మిగతావాళ్లు కాఫీ కప్పులోకి చూసుకునేవాళ్లు. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్లిన మూడు రోజులకే అప్పటి ఛాన్సలర్ (ఇక్కడ ప్రధానిలాంటి పదవి) ఓలాఫ్ షోల్జ్ సైన్యానికి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించారు. 2025 మార్చిలో అంతకన్నా పెద్ద పని చేశారు. ప్రభుత్వం ఇంతకు మించి అప్పు చేయకూడదని రాజ్యాంగంలో రాసుకున్న కట్టడిని సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకి అది వర్తించదన్నారు. దాంతోపాటే రోడ్లు, రైళ్లు, వంతెనలు, వాతావరణం కోసం 12 ఏళ్లలో ఖర్చుపెట్టడానికి 50,000 కోట్ల యూరోల నిధి. జర్మన్ భాషలో అప్పుకీ తప్పుకీ ఒకటే మాట, షుల్డ్. అలాంటివాళ్లు ఇంత అప్పుకి చేతులెత్తారంటే ఎంత భయపడి ఉంటారో ఊహించుకోండి.

తర్వాత 2025 జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలన్నీ కూర్చుని 2035 నాటికి జీడీపీలో 5 శాతం అని ఒప్పుకున్నాయి, అందులో 3.5 నేరుగా సైన్యానికి, 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ రక్షణ లాంటివాటికి. స్పెయిన్ ప్రధాని సాంచెజ్ మాత్రం ఒప్పందంలో ఉంటూనే అంత ఖర్చు మావల్ల కాదనేశాడు. పోలండ్ అప్పటికే 4 శాతం దాటేసి కూర్చుంది. మ్యాప్ తీసి రష్యా సరిహద్దుకి ఏ దేశం ఎంత దూరమో చూస్తే ఎవరి ప్రాధాన్యం ఏమిటో సగం తెలిసిపోతుంది. డెన్మార్క్ అయితే రక్షణ ఖర్చుకోసమని 2024 నుంచి ఒక పండగ సెలవునే ఎత్తేసింది, అదీ 17వ శతాబ్దం నుంచి వస్తున్న ప్రార్థన దినం. మన దగ్గర ఏ ప్రభుత్వాన్నైనా ఒక్క పండగ సెలవు ఎత్తేసి చూడమనండి!

రక్షణలో వంతెనలెందుకొచ్చాయి అంటారా, దానికి మా ప్రాంతం కథ చెప్పాలి. 2021 డిసెంబర్‌లో ఏ45 హైవే మీద లూడెన్‌షైడ్ దగ్గర రామెడె లోయ వంతెనని ఉన్నట్టుండి మూసేశారు. 1960ల్లో కట్టింది, ఇప్పటి లారీల బరువుకి దాని ఉక్కు వంగిపోయింది. పేరు వినగానే ఇక్కడి తెలుగువాళ్లం దానికి రామసేతు అని పేరు పెట్టేసుకున్నాం, వాట్సాప్ గ్రూపులో "సేతువు ఎప్పుడు కడతారు, కోతుల్ని పిలవాలా" అని రోజూ జోకులే. జోకులు పక్కనపెడితే నాలుగేళ్లు నరకం. హైవే లారీలన్నీ ఊళ్లోంచి వెళ్లేవి, నాకు ఆఫీసుకి 25 నిమిషాల ప్రయాణం గంటా పావు అయ్యింది. ఆ దారిలోనే ఇల్లున్న మా సహోద్యోగి ఒకావిడ చెప్పేది, లారీ వెళ్లినప్పుడల్లా వంటింటి అల్మరాలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవట, చివరికి వాటి మధ్య కాగితాలు కుక్కి పెట్టుకుంది. 2023 మేలో పాత వంతెనని పేల్చేస్తుంటే జనం కొండెక్కి తిరనాళ్ల చూసినట్టు చూశారు. కొత్తదాని మీద బండ్లు తిరగడానికి 2025 డిసెంబర్ దాకా ఆగాల్సొచ్చింది.

ఇదొక్కటే కాదు. 2024 సెప్టెంబర్‌లో డ్రెస్డెన్‌లో కరోలా వంతెనలో ఒక భాగం తెల్లవారుజామున ఎల్బె నదిలో కూలింది, ఆ వేళ ఎవరూ లేకపోబట్టి సరిపోయింది. రైళ్ల సంగతి ఇంకా ఘోరం, 2024లో దూరప్రాంత రైళ్లలో వేళకి వచ్చినవి 62.5 శాతమే, అదీ 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని అసలు ఆలస్యం కింద లెక్కేయకుండా. ఏళ్ల తరబడి "డబ్బు లేదు" అని వాయిదా వేసిన మరమ్మతులకి ఇప్పుడు డబ్బు దొరికిందంటే, తూర్పుకి ట్యాంకులు వెళ్లాలంటే వంతెన గట్టిగా ఉండాలి కదా అన్న మాట తోడవడం ఒక పెద్ద కారణం. ఇటలీవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, సిసిలీకి మెస్సీనా జలసంధి మీద కడతామంటున్న 1,350 కోట్ల యూరోల వంతెనని కూడా రక్షణ ఖర్చులో చూపించొచ్చా అని ఆలోచించారు.

ఫ్యాక్టరీలూ అటే తిరుగుతున్నాయి. పోలండ్ సరిహద్దులో గోర్లిట్స్ అనే ఊళ్లో 170 ఏళ్లకి పైగా రైలు పెట్టెలు చేసిన ఫ్యాక్టరీలో ఇక ట్యాంకుల భాగాలు చేస్తారని 2025లో ప్రకటించారు. మాది కార్ల మీద బతికే కంపెనీ, రెండేళ్లుగా ఆర్డర్లు పడిపోతున్నాయి, ఈమధ్య వస్తున్న కొత్త డ్రాయింగుల మీద ఆ భాగం దేనికి వాడతారో రాసి ఉండదు. మేమూ అడగం.

ఇక మీరడిగిన పర్యావరణం. 2019లో యూరోపియన్ కమిషన్ (యూరోపియన్ యూనియన్‌కి ప్రభుత్వంలాంటిది) గ్రీన్ డీల్ అని పర్యావరణ ప్రణాళిక ప్రకటించినప్పుడు అన్నిటికన్నా పెద్ద మాట అదే. 2030కల్లా ఉద్గారాలు 1990తో పోలిస్తే 55 శాతం తగ్గించాలన్న లక్ష్యం ఇప్పటికీ చట్టంలో ఉంది, ఎవరూ తీసేయలేదు. కానీ చెప్పే కారణం మారింది. 2022 శరదృతువులో మాకొచ్చిన ఇంకో ఉత్తరం గుర్తుంది: నెలకి 140 యూరోలు కడుతున్న గ్యాస్ వాయిదా ఇకనుంచి 390 అని. రష్యా గ్యాస్ ఆగిపోయింది. ఆ చలికాలం ప్రభుత్వ ఆఫీసుల్లో 19 డిగ్రీలకి మించి వేడి పెట్టకూడదన్నారు, మా ఇంట్లో మేమూ స్వెటర్లేసుకుని సోఫాలో దుప్పటి కింద టీవీ చూశాం. ఏ పనికైనా పదేళ్లు తీసుకునే ఈ దేశం విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో ఓడల్లో వచ్చే గ్యాస్ దించుకునే టెర్మినల్‌ని ఏడాది తిరక్కుండా కట్టేసింది. మరుసటి వేసవిలో నేను బాల్కనీ కమ్మీలకి రెండు సోలార్ పలకలు తగిలించాను, ప్లగ్గు మామూలుగా గోడకే. పన్ను కూడా తీసేశారు, ఇప్పటికి దేశంలో ఇలాంటివి 10 లక్షలు దాటాయి. నాకు అమ్మినాయన భూతాపం మాటే ఎత్తలేదు, "పుతిన్‌కి పైసా వెళ్లదు" అన్నాడు.

వైద్యం. 2022 డిసెంబర్‌లో మా చిన్నదానికి 39.5 డిగ్రీల జ్వరం (మన లెక్కలో 103), ఆరు మందుల షాపులు తిరిగాను, పిల్లల జ్వరం సిరప్ ఎక్కడా లేదు. ఏడో షాపులో మాత్రని అరగదీసి ఎంత పాలలో కలపాలో కాగితం మీద రాసిచ్చారు. జర్మనీలో! అప్పుడే నరసరావుపేట నుంచి వస్తున్న మా అత్తగారు చీరల మధ్య చుట్టి ఎనిమిది సీసాల పారాసెటమాల్ తెచ్చారు, అందులో నాలుగు ఇరుగుపొరుగు జర్మన్ల ఇళ్లకి వెళ్లాయి. మందుల ముడిసరుకు ఎక్కువగా చైనా, ఇండియాల నుంచే వస్తుంది కాబట్టి, కొంతైనా యూరప్‌లోనే తయారవ్వాలని 2025 మార్చిలో కమిషన్ ఒక చట్టం ప్రతిపాదించింది. అక్కడా వాడిన మాట భద్రతే. హైదరాబాద్ మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లు దీన్ని ఒక కంట కనిపెట్టి ఉండటం మంచిది. మామూలు వైద్యానికి మాత్రం డబ్బు అలా దొరకట్లేదు. జనం ముసలివాళ్లవుతున్నారు, ఖర్చు పెరుగుతోంది, ఆరోగ్య బీమాలో సగటు అదనపు చందా 2024లో జీతంలో 1.7 శాతం ఉండేది, 2025లో 2.5 అయ్యింది. అందులో సగం కంపెనీ కడుతుంది, సగం నా జీతంలోంచి.

రైతుల విషయం తొందరగా చెప్పేస్తాను. 2024 జనవరిలో వ్యవసాయ డీజిల్ రాయితీ తీసేస్తామన్నందుకు ట్రాక్టర్లు రోడ్డెక్కాయి, హైవే ఎక్కే దారి మూసేసి నన్ను రెండు గంటలు ఆపేశారు. ఆ రోజే మా నాన్న ఫోన్ చేసి "ఏరా, మీ దగ్గర కూడానా? మరి అక్కడ గిట్టుబాటు ధర బాగుంటుందన్నావుగా" అన్నాడు. మిర్చి రైతు ఆయన. తర్వాత 2025లో వచ్చిన ఛాన్సలర్ మెర్త్స్ ప్రభుత్వం ఆ రాయితీ మళ్లీ ఇస్తామని కూటమి ఒప్పందంలోనే రాసుకుంది. ఇక్కడ పర్యావరణం మీద రైతు గెలిచాడు, మొహమాటం లేకుండా చెప్పాలంటే.

ఇంత డబ్బు ఎక్కణ్ణుంచో తగ్గాలి కదా. బ్రిటన్ అయితే పేద దేశాలకిచ్చే సాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గించి రక్షణకి మళ్లిస్తామని 2025లో బాహాటంగానే చెప్పింది. జర్మనీలో ఆ 50,000 కోట్ల నిధి మీద కూడా గొడవ నడుస్తోంది, మామూలు బడ్జెట్‌లో పెట్టాల్సిన పనుల్ని ఇందులోకి తోసేసి అక్కడ మిగిలింది వేరేవాటికి వాడుకుంటున్నారని ఆర్థికవేత్తలు మొత్తుకుంటున్నారు. నాకూ అనుమానమే. వంతెన కట్టినందుకు సంతోషమే గానీ, ట్యాంకు పేరు చెప్తే తప్ప వంతెనకి డబ్బు రాదంటే, ట్యాంకుతో ముడిపెట్టలేని బడి, అంగన్‌వాడీ లాంటి పిల్లల కేంద్రం ఏం పేరు చెప్పుకోవాలి? మా చిన్నదాని బడిలో మరుగుదొడ్ల మరమ్మతు మూడేళ్లుగా "వచ్చే ఏడాది"లోనే ఉంది.

మీ తమ్ముడికి పనికొచ్చేది వలసల విధానం. ఇక్కడ ఒక చేత్తో తలుపు మూస్తూ ఇంకో చేత్తో తీస్తున్నారు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, ఆశ్రయం కోరేవాళ్ల మీద యూరప్ అంతటా కట్టడి పెరుగుతోంది. అదే 2024 అక్టోబర్‌లో ఇండియా నుంచి నైపుణ్యం ఉన్నవాళ్లకి ఏటా ఇచ్చే వీసాలు 20,000 నుంచి 90,000కి పెంచుతామని ప్రకటించారు. 1950ల చివర్లో, 60ల్లో పుట్టిన పెద్ద తరం రిటైరవుతూ వస్తోంది, మనుషులు కావాలి. మూడేళ్లకే పౌరసత్వం ఇచ్చే దారిని 2025లో మూసేశారు, ఐదేళ్ల దారి మిగిలింది.

కాగితాల పనికి మాత్రం ఓపిక తెచ్చుకోమనండి. మా బాబాయి కొడుకు నివాస కార్డు రెన్యువల్‌కి ఏడు నెలలు తిరిగాడు, "ఊళ్లో మీసేవలో పది నిమిషాల పని కదన్నా ఇది" అని వాడి గోల. 2025 మేలో డిజిటల్ వ్యవహారాలకని ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖే పెట్టారు, చూద్దాం.

విద్యార్థి వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకి 992 లెక్క. పెద్ద ఊళ్లలో అది చాలదు. ఏటా 4 లక్షల ఇళ్లు కడతామని 2021లో వచ్చిన ప్రభుత్వం చెప్పింది, 2024లో కట్టింది రెండున్నర లక్షలే, మిగతా అంతా అద్దెల్లో తేలుతుంది. జర్మన్ భాష కనీసం బీ1 (మధ్యస్థాయి) దాకా అక్కడే నేర్చుకుని రమ్మనండి, ఇక్కడికొచ్చాక నేర్చుకుంటానన్నవాళ్లెవరూ నేర్చుకోగా నేను చూడలేదు. గది ఖాయమయ్యాకే టికెట్ కొనమనండి. ఏ ఊరు, ఏ కోర్సో చెప్తే అక్కడ తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను.