పెరిగిన గాజులు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. అమ్మాయిని కడపలో ఇచ్చి నాలుగేళ్లయింది. వారం క్రితం వచ్చింది. ఇంత ఎండలోనూ పొడవు చేతుల జాకెట్టే. ఒక చేతికి నిండుగా గాజులు, రెండో చేతికి రెండే. అంట్లు తోముతుంటే పెరిగాయంది. నిద్రలో జాకెట్టు చెయ్యి పైకి జరిగితే కమిలిన మచ్చలు కనిపించాయి. అల్లుడు కొడుతున్నాడట. ఆదివారం తీసుకెళ్లడానికి వస్తానన్నాడు. పెద్దమనుషులను కూర్చోబెట్టి సర్ది పంపుదామని, పరువు పోకూడదని మావారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, గాజు పగిలిందనడానికి కూడా మనకు నోరు రాదు, 'పెరిగింది' అంటాం. పగలగొట్టిన చేతి గురించి కూడా అలాగే మాట దాటేస్తున్నాం. మీరు దాటేయలేదు, అందుకు సంతోషం.

ఆ పంచాయితీలు నేను చాలా చూశాను. 'ఎందుకు కొట్టావు' అని మొదలైన మాట పావుగంటలో 'నువ్వేమన్నావమ్మా' అని పిల్ల మీదికి తిరుగుతుంది. అతను 'ఇంకోసారి చేయి చేసుకోను' అని కాగితం రాస్తాడు, అందరూ కాఫీ తాగి లేస్తారు. అతని వెంట బస్సెక్కేది మీ అమ్మాయి ఒక్కతే.

ఆచారం సర్దుకుపొమ్మంటుందని మీవారి నమ్మకం కావచ్చు. కానీ ఉగాది నాడు దేవుని కడప గుడి చూడండి. బీబీ నాంచారి తమ ఆడపడుచు, వెంకన్న తమ అల్లుడు అంటూ ముస్లింలు దర్శనానికి వస్తారు. ఎన్నడో అత్తవారింటికి వెళ్లిన పిల్లను తలచుకుని ఏటా గడప తొక్కే ఊరది. మనం సారె పంపేదీ, ఒడిబియ్యం పోసేదీ ఎందుకు? పిల్ల వెనక మేమున్నామని అత్తవారికి తెలియడానికే అని నా లెక్క. అది ఆదివారం నోటితో చెప్పాలి. అమ్మాయి మీ ఇంట్లో ఉండగానే చెప్పాలి. ఆమెను అక్కడ వదిలి ఇక్కడి నుంచి ఫోనులో అల్లుణ్ణి తిడితే ఆ కోపం ఆమె మీదే తీరుతుంది.

వెళ్లాలా వద్దా అనేది అమ్మాయే చెప్పాలి. వెళ్లనంటే పంపకండి. వెళ్తానంటే కోప్పడకండి. ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి. ఫోనులో 'ఊరగాయ అయిపోయింది' అంటే వెంటనే బయలుదేరాలని ఇద్దరూ అనుకోండి. ఆమె సరేనంటే మచ్చలు మాయకముందే ఆసుపత్రిలో చూపించి రాయించండి.

కేసంటే జైలేనని మీవారు బెదురుతున్నారేమో. 2005 గృహ హింస చట్టం కింద మొదట అడిగేది కొట్టవద్దనే ఉత్తర్వు, ఆ ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు. తిట్టడం, చేతికి డబ్బివ్వకపోవడం కూడా అందులో హింసే. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పెద్దమనుషుల కాగితానికి ఆ బలం ఎక్కడిది? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవారికి ఆదాయం చూడకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారికి సంగతి మీరే చెప్పవచ్చు. ఎక్కడికి వెళ్లాలో మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే చెబుతారు. ప్రాణం మీదికి వస్తే 112.

ఈ ఫోన్లు చేయడానికి మీవారి అనుమతి అక్కరలేదు. ఆదివారం లోపే చేయండి.