చూపు తక్కువున్న పేషెంట్ల కోసం దవాఖానలో ముందు ఏం మార్చాలి? బ్రెయిలీ బోర్డులు సరిపోతాయా?

ప్రశ్న: హన్మకొండలో మా ట్రస్టు దవాఖానకు చూపు తగ్గిన పెద్దవాళ్లు చాలామంది వస్తారు. బయట అయిదు గ్రానైట్ మెట్లు, లోపల రిజిస్ట్రేషన్, మందుల కౌంటర్ ఉన్నాయి. చేతిలో ముప్పై వేలున్నాయి. బ్రెయిలీ బోర్డులతో మొదలుపెట్టొచ్చా?

జవాబు: బ్రెయిలీ తర్వాత చూద్దామండీ, ముందు మెట్ల పని పట్టండి. శుక్లాల వల్లనో షుగర్ వల్లనో పెద్ద వయసులో చూపు తగ్గినవాళ్లలో బ్రెయిలీ వచ్చినవాళ్లు బహు తక్కువ. వాళ్లకు ఎంతో కొంత కనిపిస్తూనే ఉంటుంది, ఆ కాస్త చూపుకు అందేలా మార్చాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కలో అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటికి చూపు 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచే కనిపించడం) కన్నా తక్కువ నుంచి 3/60 వరకు ఉన్నా, చూపు పరిధి (కన్ను కదపకుండా కనిపించే మేర) 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల వరకే ఉన్నా అల్పదృష్టే. సేవలందించే ప్రైవేటు సంస్థలకూ ఈ చట్టం వర్తిస్తుంది.

కరీంనగర్ టాన్ బ్రౌన్ బండ మనకు దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి మెట్లకు అదే వేస్తారు, అదీ అద్దంలా పాలిష్ పట్టించి. ఎండ పడితే మెరుపు తప్ప అంచు కనపడదు. ఎక్కేటప్పుడు ఎదురుగా నిలువు బండ కాస్తన్నా తెలుస్తుంది. దిగేటప్పుడు అయిదు మెట్లూ కలిసిపోయి ఒకే వాలు బల్లలా ఉంటాయి, పడేదీ అప్పుడే. ప్రతి మెట్టు అంచుకూ 50 మి.మీ. వెడల్పు పసుపు పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా వేయండి. మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు వేసి ఊరుకోవద్దు. పట్టీ సరిగ్గా అంచు మీదే ఉండాలి. చాలాచోట్ల మూడు అంగుళాలు లోపలికి వేస్తారు. ఆ గీతే అంచనుకొని కాలు కిందికి దించితే ఇంకా బండే తగులుతుంది, మనిషి తూలిపోతాడు.

ఎర్ర పట్టీ వేయకండి. గోధుమ రంగు బండ మీద రంగు వేరుగా ఉన్నా ముదురు రెండిటిదీ ఒకటే. అనుమానముంటే ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి, పట్టీ బండలో కలిసిపోతే ఆ రంగు పనికిరాదు. తెల్ల గోడ పక్కన స్టీలు రెయిలింగుకు, తలుపు పిడికి, బెంచీకి కూడా ఇదే పరీక్ష. రెయిలింగు 900 మి.మీ. ఎత్తులో, పై మెట్టుకూ కింది మెట్టుకూ 300 మి.మీ. అవతలి దాకా సాగాలి. మెట్లు అయిపోయాయని చేతికే తెలుస్తుంది.

పట్టీకి టేపు వాడితే, అది ఊడేది ఎక్కువగా దుమ్ము, నూనె మీద అతికించడం వల్లే. థిన్నర్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించండి. చదరపు మూలైతే చీపురుకు లేస్తుంది. ఒక రోజు నీళ్లు తగలనివ్వద్దు. డబ్బు మిగిలితే గ్రైండర్‌తో లోతు తక్కువగా గాడి కొట్టించి, ఇసుక కలిపిన పసుపు ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురు) నింపించండి. టేపుకన్నా అదే ఎక్కువ కాలం ఆగుతుంది.

బోర్డుల దగ్గర కొంచెం లెక్క ఉంది. 6/60 చూపున్న మనిషి మీటరు దూరం నుంచి అక్షరాన్ని కష్టపడి గుర్తుపట్టాలన్నా అది 14.5 మి.మీ. ఎత్తుండాలి. హాయిగా చదవాలంటే రెట్టింపు, అంటే మీటరుకు సుమారు 30. మూడు మీటర్లకు 90 అవుతుంది. తెలుగులో ఈ కొలత ఒత్తు లేని 'క' ఎత్తుది, కింది ఒత్తుతో కలిపి కొలవకూడదు. మరీ లావు ఫాంటు తీసుకుంటే అక్షరం లోపలి ఖాళీలు పూడిపోయి 'వ', 'ప' ఒకలాగే ఉంటాయి. అయితే చూపు పరిధి ఇరుకైనవాళ్లకు పెద్ద అక్షరం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అందుకే బోర్డును కౌంటర్ పైన వేలాడదీయకుండా నేల నుంచి మీటరున్నర ఎత్తులో పెట్టి, ముఖం ఆనించేంత దగ్గరికి రానివ్వండి. ముందు బెంచీ, చెత్తబుట్ట ఉండొద్దు. ముదురు నీలం మీద తెలుపు, మెరుపు లేని షీటు, అక్షరాల వెనక ఫొటోలు వద్దు.

రిజిస్ట్రేషన్ బల్ల వెనక కిటికీ ఉంటే అక్కడ కూర్చున్నవాళ్ల ముఖం నల్లగా కనిపిస్తుంది. బల్ల తిప్పండి, లేదా పరదా వేయండి. టోకెన్ నంబరు నోటితో కూడా పిలవాలి. "అటు పోండి" అని చెయ్యి చూపిస్తే లాభం లేదు, "మీ కుడి పక్క రెండో తలుపు" అనాలి.

మందుల కౌంటర్‌కు పెద్దగా ఖర్చు కాదు, కానీ ప్రమాదం అక్కడా ఉంది. బ్రౌన్ కవరు మీద బాల్‌పెన్ రాత వీళ్లకు కనపడదు. తెల్ల కవరు, లావు నల్ల మార్కర్ వాడండి. పొద్దటి గోలీల కవరుకు ఒక రబ్బరు బ్యాండు, మధ్యాహ్నానికి రెండు, రాత్రికి మూడు వేసి, చేతికిచ్చి తడిమించండి. రెండు రకాల కంటి చుక్కలిస్తే ఒక సీసా మెడకు టేపు చుట్టండి. గోలీల షీటు కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కే పేషెంటుకు పోవాలి.

ఏటా మృగశిర కార్తె ముందే మెట్ల పట్టీలు తడిమి చూడండి. లేచినచోట ముక్క అతికించకుండా ఆ మెట్టుది మొత్తం తీసి కొత్తది వేయండి. సగం పసుపు, సగం బండగా ఉంటే మెట్టు అక్కడికే అయిపోయినట్టు కనిపిస్తుంది.