ఓలె ఓల్సెన్ బ్రిటిష్ లీగ్ ప్రస్థానం

ప్రశ్న: డెన్మార్క్ స్పీడ్‌వే (మట్టి ట్రాకుపై జరిగే మోటార్‌సైకిల్ రేసు) రైడర్ ఓలె ఓల్సెన్, బ్రిటన్‌లోని స్పీడ్‌వే జట్ల పోటీ అయిన బ్రిటిష్ లీగ్‌లో ఏయే జట్ల తరఫున పోటీపడ్డారు? ఆ అనుభవం ఆయనకు ఎలా ఉపకరించింది?

జవాబు: 1967లో న్యూకాజిల్ జట్టులో చేరిన ఓల్సెన్, 1970లో వుల్వర్‌హాంప్టన్‌కు, 1976లో కోవెంట్రీకి మారారు. బ్రేకులు లేని, ఒకే గేరున్న 500 సీసీ మోటార్‌సైకిల్‌పై, ఉక్కు తొడుగు వేసిన ఎడమ బూటును నేలకు ఆనించి, వెనక చక్రాన్ని పక్కకు జారనిస్తూ మలుపు తిరగడమే స్పీడ్‌వేలో అసలు విద్య. నలుగురు రైడర్లు నాలుగు చుట్లు హోరాహోరీగా తలపడే ఇలాంటి రేసుల్లో, సీజన్ పొడవునా వేర్వేరు ట్రాకులపై పాల్గొనవలసి రావడమే ఆయనను రాటుదేల్చిందని నా అభిప్రాయం. 1971, 1975, 1978లలో ఆయన ప్రపంచ విజేతగా నిలిచారు. 1978, 1979లలో లీగ్ టైటిల్ గెలిచిన కోవెంట్రీ జట్టుకు ఆయనే పెద్ద అండ. తర్వాతి తరంలో డెన్మార్క్ రైడర్లు ఎరిక్ గుండర్సన్, హాన్స్ నీల్సన్ కూడా బ్రిటిష్ లీగ్‌లోనే రాణిస్తూ ప్రపంచ విజేతలయ్యారు.