ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటుందో చెప్పే స్క్రిప్ట్, పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లు రాయగలరా?

కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నానని, సి డ్రైవ్ నిండి ఎర్ర గీత చూపిస్తోందని, పైథాన్ మొదలుపెట్టి నెలే అయిందని రాశారు. ఈ స్క్రిప్ట్ మీరు తప్పకుండా రాయగలరు. ఇరవై లైన్లు దాటదు. నేను పైథాన్ నేర్చుకున్నది ఈ పని కోసమే.

నాది హనుమకొండలో చిన్న ఫోటో స్టూడియో. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరలో తీసిన వీడియోలు కంప్యూటర్‌లోకి దించుకుందామంటే జాగా లేదు. మరోపక్క రెండు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఇవ్వాల్సి ఉంది. ఒక్కో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్ చూసి, కాగితం మీద రాసుకుంటూ పోతే ఒక పూట గడిచింది, సగం కూడా కాలేదు. ఆ టెన్షన్‌లోనే స్క్రిప్ట్ మొదలుపెట్టాను.

మొదటిసారి రాసినప్పుడు ఒక పెళ్లి ఫోల్డర్ సైజు మూడు ఎంబీ అని వచ్చింది. అందులో డ్రోన్ వీడియోలే అంతకు కొన్ని వేల రెట్లు ఉంటాయి. పైన కనిపించే ఫైళ్లనే లెక్కేశాను, లోపలి ఫోల్డర్లలోకి వెళ్లలేదు. ఫోల్డర్‌ను సైజు అడిగితే లోపలి ఫైళ్లన్నీ కూడి చెప్పదు, మనమే ఒక్కో ఫైలు దగ్గరికి వెళ్లి కూడుకోవాలి. దానికి పైథాన్‌తో పాటే వచ్చే ఓఎస్ మాడ్యూల్‌లో ‘వాక్’ అనే ఫంక్షన్ ఉంది. అది ఒక్కో ఫోల్డర్‌లోకి దిగుతూ ప్రతిచోటా మూడు సంగతులు ఇస్తుంది: ఆ ఫోల్డర్ దారి (పాత్), అందులోని ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు. ఫైలు పేరు మాత్రమే ఇస్తుంది, పూర్తి దారి ఇవ్వదు. ఫోల్డర్ దారికి ఫైలు పేరును ‘ఓఎస్.పాత్’లోని ‘జాయిన్’తో కలిపాకే, ఫైలు సైజు చెప్పే ‘గెట్‌సైజ్’ను (ఇదీ అందులోదే) అడగాలి. ఇది మరిచిపోతే ఫైలు దొరకలేదనే ఎర్రర్ వస్తుంది.

మీరు విండోస్ వాడుతున్నారు కాబట్టి ఇంకొకటి. దారిని కోట్స్‌లో రాసేటప్పుడు వాటి ముందు చిన్న ‘ఆర్’ అక్షరం పెట్టండి. లేకపోతే ‘యూజర్స్’ ముందున్న బ్యాక్‌స్లాష్‌నూ ఆ ‘యు’నూ కలిపి పైథాన్ యూనికోడ్ గుర్తు అనుకుంటుంది, స్క్రిప్ట్ మొదలే కాదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది వేరే ఉంది. స్క్రిప్ట్ ఏ ఎర్రరూ లేకుండా నడిచేది, కానీ మొత్తం మాత్రం డ్రైవ్ చూపించే లెక్క కన్నా చాలా తక్కువ వచ్చేది. చూడటానికి అనుమతి లేని ఫోల్డర్ ఎదురైతే ‘వాక్’ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది, మనకు చెప్పదు. దాని స్వభావమే అంత. ‘వాక్’కు ‘ఆన్‌ఎర్రర్’ అనే చోట మన సొంత ఫంక్షన్ ఒకటి ఇస్తే, వదిలేసిన ప్రతి ఫోల్డర్ ఎర్రర్ అందులోకి వస్తుంది, ఆ ఎర్రర్‌లోని ‘ఫైల్‌నేమ్’లో ఫోల్డర్ పేరు ఉంటుంది. ‘గెట్‌సైజ్’ దగ్గర వచ్చే ఎర్రర్లను ట్రై, ఎక్సెప్ట్‌తో పట్టుకోండి, కానీ ‘పాస్’ (ఏమీ చేయకు) అని రాసి ఊరుకోవద్దు. ఎన్ని వదిలేసిందో చివర్లో ప్రింట్ చేయించండి. ఆ అంకె లేకుండా వచ్చే మొత్తాన్ని నేను నమ్మను.

‘గెట్‌సైజ్’ బైట్లలో చెబుతుంది. 1024తో మూడుసార్లు భాగిస్తే విండోస్ చూపించే జీబీ వస్తుంది. ఒక టీబీ డిస్క్ కొంటే 931 జీబీ కనిపించేది ఇందుకే. అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. ప్రాపర్టీస్‌లో ‘సైజ్’, ‘సైజ్ ఆన్ డిస్క్’ అని రెండు ఉంటాయి, మీ లెక్కను మొదటిదానితోనే పోల్చండి.

డ్రైవ్ మొత్తం మీద ఒకేసారి నడపకండి. నాలుగైదు ఫైళ్లు, లోపల ఇంకో ఫోల్డర్ ఉన్న చిన్న ఫోల్డర్‌తో మొదలుపెట్టి, బైట్లు ప్రాపర్టీస్‌తో అంకె అంకె సరిపోయాకే పెద్దదానికి వెళ్లండి. తర్వాత ఒక్కో ఫోల్డర్ మొత్తాన్ని డిక్షనరీలో దాచి, పెద్దది పైకి వచ్చేలా ‘సార్టెడ్’ చేసి, మొదటి పది ప్రింట్ చేస్తే చాలు.

నా దగ్గర అలా పైకి వచ్చింది పెళ్లి వీడియోలు కావు, ప్రోగ్రాములు తమ ఫైళ్లు పెట్టుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాచుకున్న క్యాష్ ఫైళ్లు, అంటే పని వేగం కోసం పెట్టుకునే తాత్కాలిక ఫైళ్లు. ఎనభై జీబీ పైనే! ఆ ఫోల్డర్ హిడెన్‌గా ఉంటుంది కాబట్టి మామూలుగా చూస్తే కనిపించదు, పైథాన్‌కు కనిపిస్తుంది. వాటిని ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లోంచే తీసేశాను. స్క్రిప్ట్‌లో డిలీట్ చేసే లైన్ మాత్రం మీరు రాయకండి. ఒక్క దారి తప్పు రాస్తే పోయేది ఎవరి పెళ్లి ఫోటోలో, మీ ప్రాజెక్టు ఫైళ్లో తెలియదు. లెక్క స్క్రిప్ట్ చెప్పాలి, తీసేయడం మీరు చూసి చేయాలి.

రాసి నడపండి. ఎర్రర్ వస్తే ముందు దాని చివరి లైన్ చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. అర్థం కాకపోతే ఆ లైను, మీ కోడ్ రెండూ పెట్టండి, రాత్రి స్టూడియో మూశాక చూసి చెబుతాను.