పాత బిల్లులు స్కాన్ చేశాక, పేరు కొడితే దొరకాలంటే ఏం చేయాలి?

స్కాన్ చేసినంత మాత్రాన వెతకడం కుదరదు. అది ఫొటో మాత్రమే, దానిపై ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను గుర్తించి, వెతకగలిగే టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్) నడపాలి. ఉచితంగా కావాలంటే టెసరాక్ట్ అనే ఓసీఆర్ ఉంది. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషలూ ఎంచుకోండి, మన బిల్లుల్లో రెండూ కలిసే ఉంటాయి.

స్కానర్‌లో 300 డీపీఐ (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే కొలత), గ్రేస్కేల్ (బూడిద రంగు ఛాయలతో) పెట్టండి. డీపీఐ అంతకు తగ్గితే తెలుగు వత్తులు పై అక్షరంలో కలిసిపోయి తప్పుగా చదువుతుంది. పూర్తి నలుపు-తెలుపులో కార్బన్ కాపీల మీది లేత రాత మాయమవుతుంది. థర్మల్ బిల్లులు (సిరా లేకుండా వేడితో అచ్చయ్యేవి) ముందు కానివ్వండి, వాటి అచ్చు వేడికి, వెలుతురుకి వెలిసిపోతుంది. పిన్నులు తప్పక తీయండి. పల్చటి కాగితాలను ఫీడర్ (కాగితాలను వాటంతటవే లోపలికి లాగే భాగం) రెండేసి లాగేస్తుంది, వాటిని స్కానర్ అద్దం మీదే పెట్టాలి.

చేతిరాత చిట్టాలను ఓసీఆర్ నమ్మకంగా చదవదు. అక్కడ ఫైలు పేరే దిక్కు: 2021-06-14_పార్టీ పేరు_బిల్లు నంబరు. సంవత్సరం ముందుంటేనే ఫైళ్లు తేదీ వరసలో నిలుస్తాయి. అచ్చు బిల్లుల్లోనూ జీఎస్టీ నంబరులో సున్నా, ఇంగ్లిష్ 'ఓ' తారుమారవుతాయి, అందుకే పార్టీ పేరుతో కూడా వెతికి చూడండి.

పేజీలు లెక్కపెట్టి సరిచూశాక కూడా కాగితాలు పారేయకండి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.