ఐకాన్ నొక్కితే కమాండ్ దొరకదెందుకు?

ప్రశ్న: అనంతపురం క్లాక్ టవర్ దగ్గర మాది జిరాక్స్, డీటీపీ దుకాణం. కంప్యూటర్‌లో ఉబుంటు (లినక్స్) ఉంది. స్కాన్ చేసిన పాస్‌బుక్ పేజీలను ఒకే పీడీఎఫ్‌గా కలిపే చిన్న స్క్రిప్టు రాసుకుని, హోమ్‌లో ‘పనులు’ అనే ఫోల్డరులో పెట్టాను. డాట్ బ్యాష్‌ఆర్‌సీ (పేరు ముందు చుక్క ఉండే సెట్టింగుల ఫైలు) ఫైల్లో ఆ ఫోల్డరును పాత్‌కు, అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాకు, చేర్చాను. టెర్మినల్‌లో పేరు కొడితే చక్కగా నడుస్తోంది. పనివాళ్ల కోసం మెనూలో ఐకాన్ పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఒక మిత్రుడు చెప్పాడని డాట్ బ్యాష్ ప్రొఫైల్ అనే కొత్త ఫైలు చేసి, అదే వరుస అందులోనూ రాశాను. అప్పటి నుంచి ఇంట్లో కూర్చుని ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్‌లోకి వెళ్లే పద్ధతి) దుకాణం కంప్యూటర్‌లోకి వెళ్తే ప్రాంప్ట్‌కు (కమాండ్ కొట్టే చోట ముందు కనిపించే పేరుకు) రంగులు లేవు, ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎల్’ కూడా పనిచేయడం లేదు.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ కొత్త ఫైలు తీసేయండి. సలహా ఇచ్చిన మిత్రుడి ఉద్దేశం మంచిదే, కానీ ఆయన సగమే చెప్పారు.

టెర్మినల్‌లో మీరు కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామును షెల్ అంటారు, ఉబుంటులో దాని పేరు బ్యాష్. లాగిన్ అయినప్పుడు మొదలయ్యే షెల్ లాగిన్ షెల్. బ్యాష్ అలా మొదలైతే, ఈటీసీ అనే సిస్టమ్ సెట్టింగుల ఫోల్డరులోని ప్రొఫైల్ చదివాక మీ హోమ్‌లో వరుసగా మూడు పేర్ల కోసం వెతుకుతుంది: డాట్ బ్యాష్ ప్రొఫైల్, డాట్ బ్యాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్. మొదట దొరికినది చదివి, మిగిలిన వాటి జోలికి పోదు. ఉబుంటు మీకు ఇచ్చింది డాట్ ప్రొఫైల్ మాత్రమే. డాట్ బ్యాష్‌ఆర్‌సీని పిలిచే వరుస ఉన్నది అందులోనే. మీ కొత్త ఫైలు ముందు నిలబడటంతో ఆ పిలుపు ఆగిపోయింది. ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్తే వచ్చేది లాగిన్ షెల్ కాబట్టి రంగులూ ఎల్ఎల్ అక్కడే పోయాయి. దుకాణంలో తెరిచే టెర్మినల్ కిటికీ లాగిన్ షెల్ కాదు, అది నేరుగా డాట్ బ్యాష్‌ఆర్‌సీనే చదువుతుంది. అందుకే అక్కడ మీకు తేడా కనిపించలేదు. నమ్మకం కుదరకపోతే రెండు చోట్లా ‘ఎకో డాలర్ సున్నా’ కొట్టి చూడండి. ఎస్ఎస్‌హెచ్‌లో బ్యాష్ పేరుకు ముందు చిన్న అడ్డగీత ఉంటుంది, లాగిన్ షెల్‌కు అదే ఆనవాలు.

ఇక ఐకాన్. మెనూ నుంచి నడిచే ప్రోగ్రాముకు టెర్మినల్‌తో సంబంధం లేదు. మీరు పాస్‌వర్డ్ కొట్టి డెస్క్‌టాప్‌లోకి వచ్చినప్పుడు ఏ పాత్ సిద్ధమైందో దానికి అదే దిక్కు. ఉబుంటులో ఆ సమయంలో చదివేది డాట్ ప్రొఫైల్. కాబట్టి పాత్ వరుస అక్కడ ఉండాలి, అలియాస్‌లూ (‘ఎల్ఎల్’ లాంటి కమాండ్ల పొట్టి పేర్లు) ప్రాంప్ట్ సొగసులూ డాట్ బ్యాష్‌ఆర్‌సీలో ఉండాలి. డాట్ ప్రొఫైల్‌ను బ్యాష్ కాని సాదా షెల్ కూడా చదవవచ్చు, కనుక బ్యాష్‌కే తెలిసిన రాతలు అందులో పెట్టకండి.

నన్నడిగితే ఏ ఫైల్లోనూ కొత్తగా ఏమీ రాయొద్దు. ‘పనులు’ ఫోల్డరు పేరును ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ‘బిన్’ అని మార్చండి. హోమ్‌లో ఆ పేరుతో ఫోల్డరు ఉంటే పాత్‌కు చేర్చే ఏర్పాటు ఉబుంటు డాట్ ప్రొఫైల్‌లో ముందే ఉంది. అయితే అది చూసేది లాగిన్ వేళ. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు, లాగౌట్ అయి మళ్లీ రావాలి. డాట్ బ్యాష్‌ఆర్‌సీలో రాసిన పాత వరుసను కూడా తుడిచేయండి.

ప్రశ్న: కర్నూలులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. డాట్ బ్యాష్‌ఆర్‌సీలో పాత్‌కు నా ఫోల్డరు పేరు రాశాక టెర్మినల్‌లో ఫైళ్ల పేర్లు చూపే ‘ఎల్ఎస్’ కూడా దొరకడం లేదు. సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు: అంత పని అక్కర్లేదు. పాత్‌లో మీ ఫోల్డరు ఒక్కటే రాసి, పాతదంతా చెరిపేశారు. వరుస చివర కోలన్ పెట్టి ‘డాలర్ పాత్’ అని కలపండి. పాత్ అన్న మాట మాత్రం ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫైలు తెరవడానికి ‘స్లాష్ బిన్ స్లాష్ నానో’ అని పూర్తి చిరునామా కొడితే ఎడిటర్ వస్తుంది, లేదా ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కనిపిస్తాయి. ఫైలు మరీ కలగాపులగమై ఉంటే ఈటీసీలోని స్కెల్ ఫోల్డరులో దాని అసలు ప్రతి ఉంటుంది, తెచ్చుకోండి. ‘బ్యాష్ మైనస్ ఎన్’ తో సరిచూసుకోమని కొందరు చెబుతారు. అది వ్యాకరణం తప్పులే పట్టుకుంటుంది, మీ తప్పు దానికి తప్పుగానే కనిపించదు. ఇలాంటి ఫైళ్లు దిద్దేటప్పుడు ఒక టెర్మినల్ కిటికీని తెరిచే ఉంచి, ఫలితాన్ని మరో కిటికీలో చూడటం మేలు.

ప్రశ్న: కొత్త మ్యాక్‌లో నా పాత డాట్ బ్యాష్‌ఆర్‌సీ పెట్టాను. ఏ మార్పూ లేదు. — కడప

జవాబు: ఉండదు. 2019 నాటి కాటలినా నుంచి మ్యాక్ కొత్త ఖాతాలకు ఇచ్చే షెల్ జెడ్‌షెల్. అది చదివేది డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ. అలియాస్‌లు చాలావరకు అలాగే పనిచేస్తాయి, ప్రాంప్ట్ మాత్రం కొత్తగా రాసుకోవాలి.